టికెట్టు ఇరవై గింజలు, ఫీజు సున్నా

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మూడు టికెట్ కంపెనీలు పట్టేంత పెద్ద అడవిలో, సూదిమల్లి అనే ముళ్లపంది డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండేది. కాలేజీ సాంస్కృతిక కార్యదర్శి కూడా ఆమే. ఆ పదవికి ఆమె మీద ఎవరూ పోటీ చెయ్యలేదు. ముళ్లున్నవాళ్లతో ఎన్నికల కౌగిలింతలు మనకెందుకని అందరూ తప్పుకున్నారు.

సూదిమల్లికి అబద్ధం చెప్పడం చేతకాదు. "ఈ తోక నాకు బాగుందా?" అని ఎవరైనా అడిగితే కాసేపు చూసి, "లేదు" అనేది. అందుకే ఆమెకు స్నేహితులు తక్కువ, పరువు ఎక్కువ.

వాళ్ల హాస్టల్ అంటే ఏటిగట్టున తవ్విన నలభై బొరియలు. వాన పడితే కప్పు కారేది. కిందటేడు ఒక చుంచుపిల్ల నిద్రలోనే కొట్టుకుపోయి, ఏటిలో మూడు మలుపుల అవతల కళ్లు తెరిచి, "అప్పుడే బెల్లయిందా?" అని అడిగింది. అందరూ పడీపడీ నవ్వారు. సూదిమల్లి మాత్రం నవ్వలేదు. ఈ ఏడు వానలకు ముందే కప్పు వేయించి తీరతానని మాటిచ్చింది.

చెదపురుగుల మేస్త్రీ రెండువేల చింతగింజలు అడిగాడు. ఆ అడవిలో చింతగింజలే డబ్బు. ఫ్రెషర్స్ డాన్స్ పెట్టి, టికెట్టు ఇరవై గింజలకు అమ్మితే ఆ మొత్తం వస్తుందని సూదిమల్లి లెక్క వేసింది. టికెట్లు ఎవరి చేత అమ్మించాలన్నదే సమస్య. అప్పటికి అడవిలో టికెట్లన్నీ సాలెగూడులోనే అమ్ముడయ్యేవి. ఈ చెట్టు దగ్గర దారం లాగితే ఆ చెట్టు దగ్గర టికెట్ వచ్చేది. గూడు సాలీళ్లదే అయినా గింజలు మాత్రం కంపెనీలవి.

సలహా కోసం ఆమె వేలాడప్ప దగ్గరకు వెళ్లింది. వేలాడప్ప గబ్బిలం. కొండగుహలో 'తలకిందులు' అనే క్లబ్ నడిపేవాడు.

"అన్నా, టికెట్లు ఎవరికి ఇవ్వమంటావు?"

"చూడు చెల్లీ," అన్నాడు వేలాడప్ప పైనుంచి వేలాడుతూనే. "నేను టికెట్టు ఇరవై గింజలు పెడతాను. కొనేవాడికి ఇరవై ఆరు పడుతుంది. నాకు పదహారు వస్తుంది. మధ్యలో పది గింజలు ఎక్కడికి పోతున్నాయా అని మూడేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఒకసారి కిందికి దిగి, నిలబడి కూడా ఆలోచించాను. ఉహూఁ, తెలియలేదు."

సూదిమల్లి ఊరుకోలేదు. ఓ పెద్ద టేకాకు తీసుకుని మూడు గళ్లు గీసి, మూడు కంపెనీల చుట్టూ తిరిగింది.

మొదటి కంపెనీ నక్క జంబయ్యది. "మా దగ్గర ప్రోగ్రాం పెట్టేవాళ్లకు ఫీజు సున్నా!" అన్నాడు జంబయ్య.

"మరి కొనేవాళ్లకు?"

"టికెట్‌కి నాలుగు గింజలు. సౌకర్య రుసుము."

"ఏమిటి ఆ సౌకర్యం?"

"రుసుము కట్టే సౌకర్యం. ఊరికే దారం లాగితే చాలు, కట్టేసినట్టే. మా తాతల కాలంలో ఇంత సుఖం ఉందా?"

సూదిమల్లి మొదటి గడిలో నాలుగు అని రాసుకుంది.

రెండోది కొండముచ్చు గెంతులరావుది. అతను టికెట్‌కి రెండు గింజలే అన్నాడు. సూదిమల్లి ముళ్లు సంతోషంతో నిక్కబొడుచుకున్నాయి. అయితే ఆమె ఆకు మడుస్తుండగా గెంతులరావు ఇంకో కొమ్మ మీదికి గెంతి, "గింజలు మాత్రం తొంభై రోజుల తర్వాత ఇస్తాం" అన్నాడు.

"తొంభై రోజులకు వానాకాలం అయిపోతుంది కదండీ!"

"అందుకే మరి. తడవకుండా ఇస్తాం."

మూడోది కాకి కావేశ్వర్రావుది. కొత్త కంపెనీ. ఫీజు ఎంతని అడిగితే అతను గుండె మీద రెక్క వేసుకున్నాడు. "సున్నా మేడమ్. మీకూ సున్నా, కొనేవాళ్లకూ సున్నా. డాన్స్ అయిన మర్నాడు పొద్దున్నే మొత్తం గింజలు మీ ముందు పోస్తాను."

"మరి మీరెలా బతుకుతారు?"

"సేవాభావంతో."

సూదిమల్లి టేకాకు తెచ్చి వేలాడప్పకు చూపించింది. అతను దాన్ని తలకిందులుగా చదివాడు, తిప్పి చదివాడు. "కాకికి సేవాభావం పుట్టిందంటే నాకెందుకో ఒళ్లు జలదరిస్తోంది" అన్నాడు. కానీ ఎటు తిప్పినా సున్నా సున్నాలాగే ఉంది. టికెట్లు కాకికి ఇచ్చేసింది సూదిమల్లి.

కాకి టికెట్ కొనాలంటే ఒక ఫారం నింపాలి. పేరు. జాతి. ఏ బొరియ. బరువు ఎంత. వేగంగా పరుగెత్తగలరా. కండ గట్టిదా, మెత్తనిదా. కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: వంద కిలోలు దాటినవారికి ముందు వరుస.

సూదిమల్లి బుద్ధిగా నింపింది. ముళ్లపంది. పదకొండున్నర కిలోలు, ముళ్లతో కలిపి. పరుగు అంతంత మాత్రం. కండ సంగతి ఎప్పుడూ చూసుకోలేదు.

మిగతా పిల్లలు ఆ చిన్న అక్షరాలు చదివారు. తుర్రు అనే కుందేలు మూడువందల నలభై కిలోలని రాసింది. సాలెగూడు ఒప్పుకోలేదు. కుందేలు అంత బరువు ఉండదంది. తుర్రు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా జాతి దగ్గర 'పులి' అని మార్చింది. వెంటనే టికెట్ వచ్చేసింది. ఆ కిటుకు సాయంత్రానికల్లా హాస్టలంతా పాకింది.

డాన్స్ రేపనగా సూదిమల్లి వచ్చేవాళ్ల జాబితా తెప్పించి చూసుకుంది. పులులు నలభై ఒకటి. ఏనుగులు ఇరవై రెండు. అడవిదున్నలు ముప్పై. ఎలుగుబంట్లు ఇరవై నాలుగు. ముళ్లపంది ఒకటి.

ఆమె తిన్నగా తుర్రు బొరియకు పరుగెత్తింది.

"సిగ్గులేదటే? నువ్వు పులివా?"

"లోపల్లోపల నేనెప్పుడూ పులినే అక్కా," అంది తుర్రు. "అయినా ఆ ఫారాలు ఎవరు చదువుతారు?"

సూదిమల్లి ఆ పూటంతా కూర్చుని, నూటపదిహేడు మంది అసలు జాతులూ, అసలు బరువులూ రాసి కాకి కంపెనీకి ఫిర్యాదు పంపింది. అక్కడ ఫిర్యాదులు చూసేది ఒక వడ్రంగిపిట్ట. "మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం" అని చెట్టు మీద టకటకా కొట్టి, దాన్ని వెనక ఉన్న తొర్రలో పడేసింది. ఆ తొర్రకు అడుగు లేదు. సూదిమల్లి ఎంత ఏడ్చిందో!

ఆమెకు తెలియనిది ఏమిటంటే, కాకి సేవాభావానికి ఒక ఖాతాదారు ఉన్నాడు. కొండ మీద ఉండే చిరుత. పేర్లూ బరువులూ కండ వివరాలూ ఉన్న జాబితా చేతికిస్తే, నెల రోజులు మాంసం ముక్కలు ఇస్తానని అతను కాకితో బేరం పెట్టుకుని, మొదటి వాటా ముందే ఇచ్చాడు. కాకి గింజలు పుచ్చుకుని అతనికీ ఒక టికెట్ అమ్మాడు. జాబితాను చదవకుండానే కట్ట కట్టి పంపించాడు.

డాన్స్ రోజు సందె వేళకు ఏటి ఒడ్డున బండల మీద పిల్లలంతా చేరారు. బొంగురు కప్పల బ్యాండ్ మొదలైంది. ఆ మోతకు బండలు అదిరాయి. గేటు దగ్గర టికెట్లు చూస్తూ సూదిమల్లి ఒక్కతే నిలబడింది. ఎదురుగా పొదలు కదిలాయి. చిరుత వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో టికెట్, ఇంకో చేతిలో జాబితా.

అతని చేతిలో జాబితా చూడగానే కాకి ఏం చేశాడో సూదిమల్లికి అర్థమైంది. వెనక నూటపదిహేడు మంది ఎగురుతున్నారు. అందరిలోకీ పెద్దవాడు రెండున్నర కిలోల ముంగిస.

"ఏమ్మాయ్," అన్నాడు చిరుత గొంతు తగ్గించి. అతని మీసం కొద్దిగా వణుకుతోంది. "లోపల నిజంగా నలభై ఒక్క పులులున్నాయా?"

సూదిమల్లి నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోటి వెంట నిజం తప్ప మరోటి రాలేదు. ఇప్పుడు కూడా నాలుక చివర నిజమే సిద్ధంగా ఉంది. ఆ క్షణాన కప్పల మోతలోంచి తుర్రు నవ్వు వినిపించింది.

"లేదండీ," అంది. "నలభై రెండు. ఒకాయన ఇప్పుడే గేటు దగ్గర టికెట్ కొన్నారు."

లోపల కప్పలన్నీ ఒక్కసారిగా "గ్రాఁ" అన్నాయి.

"ఆ అరుపు..."

"ఏనుగులండీ. ఇంకా ఆకలి తీరలేదనుకుంటా. మీది ఏ వరుస? ఎంత బరువుంటారు?"

"యాభై కిలోలు," అన్నాడు చిరుత నీరసంగా.

"అయ్యో, మీరు వెనక వరుసండీ. దున్నల కాళ్ల దగ్గర. రండి, చూపిస్తాను."

చిరుత రాలేదు. "ఇంటి దగ్గర చిన్న పని గుర్తొచ్చింది" అంటూ రెండడుగులు మర్యాదగా వెనక్కి వేసి, మూడో అడుగు నుంచి పరుగు అందుకున్నాడు. సూదిమల్లి అక్కడే కూలబడింది. తన కాళ్లు వణుకుతున్నాయో బండలు అదురుతున్నాయో ఆమెకు చాలాసేపటి వరకు తేలలేదు.

చిరుత పరుగు కాకి చెట్టు దగ్గర ఆగింది. "నన్ను పులుల నోట్లోకి పంపుతావా? నా మాంసం తిరిగి ఇయ్యి!"

"ఒకసారి తీసుకున్నది వాపసు ఇవ్వబడదు," అన్నాడు కావేశ్వర్రావు కొమ్మ మీది నుంచి. "నిబంధనల్లో ఉంది. చదువుకోలేదా?"

చిరుతలకు చెట్లెక్కడం వచ్చన్న సంగతి నిబంధనల్లో లేదు. కాకి తన తోకలోని నాలుగు ఈకలు చిరుత పంజాలో వదిలేసి, తూర్పుగా ఎగిరిపోయాడు. మళ్లీ ఆ అడవిలో కనిపించలేదు.

మర్నాడు పొద్దున సూదిమల్లి, వేలాడప్ప వెళ్లి చూస్తే కాకి గూటిలో టికెట్ల గింజలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. లెక్కపెట్టారు. చిరుత టికెట్టుతో కలిపి రెండువేల మూడువందల ఎనభై. ఒక్క గింజ కోత లేదు. వేలాడప్ప మూడుసార్లు లెక్కపెట్టి, ఆనందం పట్టలేక కాసేపు నిటారుగా నిలబడ్డాడు.

వానలకు నాలుగు రోజుల ముందే హాస్టల్ కప్పు పడింది. చుంచుపిల్ల ఆ ఏడు నిద్రపోయిన చోటే లేచింది. సూదిమల్లి మాత్రం తాను ఆడిన అబద్ధానికి వారం రోజులు మథనపడి, చివరికి ప్రిన్సిపాల్ ఏనుగు దగ్గరకెళ్లి ఒప్పేసుకుంది. ఆయన అంతా విని, "డాన్స్‌లో ఇరవై రెండు ఏనుగులుంటే నన్నెందుకు పిలవలేదు?" అని నొచ్చుకున్నాడు.

ఆ నెలలోనే నక్క, కొండముచ్చు కంపెనీల ముందు కొత్త బోర్డులు వెలిశాయి: 'మా టికెట్లలో చిరుతలు ఉండవు.' కింద చిన్న అక్షరాలతో, చిరుత లేనందుకు రుసుము మూడు గింజలు అదనం.

నీతి: ఉచితంగా సేవ చేసేవాడి దగ్గర నిజం చెప్పడం చాలా ఖరీదైన అలవాటు.