డైరెక్టరు గారి నొప్పికి ఇన్‌ఛార్జి

డైరెక్టరు కూర్మనాథం గారి తలలోంచి తీసిన పార్శ్వపునొప్పిని సోమవారం మధ్యాహ్నం కంప్యూటర్ ఆపరేటరు పైడితల్లి తలకి ఇన్‌ఛార్జిగా అప్పగించారు. ఏ శాఖ ఆఫీసని అడక్కండి. మీరు పనిబడి వెళ్ళి, రేపు రమ్మనిపించుకొచ్చారే, అదే.

వైద్యం మంచిదే. కత్తి లేదు, సూది లేదు, మాత్ర లేదు. నుదుటికి పట్టీ కడతారు. అందులోంచి సన్నగా కరెంటు పోతుంది, చీమలు పాకినట్టుంటుంది, కాసేపటికి నొప్పి దిగిపోతుంది. దిగింది ఎక్కడో ఎక్కాలి కదా! పట్టీ తెచ్చిన డాక్టరు అదే అడిగాడు: "నొప్పికి చావుండదండి, బదిలీయే. ఎవరికి వెయ్యమంటారు?"

గుమాస్తాలందరి దగ్గరా మినహాయింపు సర్టిఫికెట్లున్నాయి. మిగిలింది కాంట్రాక్టు మీద ఏళ్ళ తరబడి పడున్న పైడితల్లి.

"నాకున్న నొప్పే పడలేక సస్తన్నాను బాబూ. ఎడం పక్క ఒకటే పీకుతాది," అంది.

"మరింకేటమ్మా!" అన్నాడు సూపరింటెండెంటు అప్పలనరసయ్య. "డైరెక్టరు గారిది కుడి పక్క. ఆ పక్క నీకు ఖాళీయే కదా."

"ఆ పట్టీ నాకూ ఓ పాలి కట్టండి."

"అది గెజిటెడ్ తలలకే. ఒప్పుకో, పర్మనెంటుకి నీ పేరు పైకి పంపిస్తాను."

ఒప్పుకుంది. పర్మనెంటు అన్న మాట మీద మన జనం ఇంతకన్నా పెద్దవే ఒప్పుకున్నారు.

డైరెక్టరు గారు ట్యూబులైటు కింద హాయిగా పేపరు చదివారు. పైడితల్లి కళ్ళు మూసుకుని టైపు కొట్టింది, మధ్యమధ్యలో బకెట్లో వాంతి చేసుకుంది. తప్పులేం పడలేదు. అవి కళ్ళు తెరిచి కొట్టేవాళ్ళకే పడుతున్నాయి. కొన్నాళ్ళకి కూర్మనాథం గారు వేరే జిల్లాకి వెళ్ళిపోయారు. నొప్పి వెళ్ళలేదు. అది మనిషిది కాదు, కుర్చీది అని తేల్చారు. కొత్తాయన తన నొప్పి తాను తెచ్చుకున్నాడు. దాన్నీ అందులోనే కలిపారు.

ఉగాది ముందు పైనుంచి ఆర్డరొచ్చింది. అప్పలనరసయ్య నవ్వుతూ వచ్చాడు.

"పర్మనెంటయిపోయింది పైడితల్లీ!"

ఆవిడ కళ్ళు తెరిచింది. "నేనేనా బాబూ?"

"నువ్వు కాదమ్మా, నొప్పి. దాని మీద నువ్వు కాంట్రాక్టు."

"అయితే ఒగ్గేత్తాను. మీ నొప్పి మీరే మొయ్యండి."

"ఒగ్గెయ్," అని అతను కిటికీ తలుపు తీశాడు. గేటు బయట డిగ్రీలు చదివినవాళ్ళు బారులు తీరి ఉన్నారు. నుదుళ్ళు శుభ్రంగా తుడుచుకుని, 'రెండు పక్కలా ఖాళీ' అని అట్టముక్కలు మెడలో వేసుకున్నారు.

పైడితల్లి వాళ్ళని చూసింది. తడిగుడ్డ తీసి, అధికారులకి పట్టీ కట్టే చోటే బిగించి కట్టుకుంది.

"కిటికీ మూసీండి బాబూ, కళ్ళల్లో ఎలుగు పడతంది," అని మళ్ళీ టైపు మొదలెట్టింది.