బెల్లం చెవి, గౌరీశ్వరి ముక్కు

ఆ సోమవారం పొద్దున గౌరీశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. మరిది జయంత్ పరవాడలో మందుల కంపెనీ ఇంటర్వ్యూకి బయల్దేరేదాకా తుమ్మకుండా ఉండాలి. అంతే.

వినడానికి చిన్నదే కానీ, ఉక్కునగరం క్వార్టర్లో తెల్లారగానే గుమ్మం ఊడ్చే మనిషికి అది సులువైన పని కాదు. రాత్రంతా వరండా గచ్చు మీద పేరుకున్న నల్లటి ధూళి చీపురు తగలగానే లేచి తిన్నగా ఆమె ముక్కులోకే వస్తుంది. పెళ్లై ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆమె తుమ్ముతుంది, షిఫ్టుకి చెప్పులు తొడుక్కుంటున్న మొగుడు సాయిశంకర్ ఆగిపోతాడు, లోపల్నుంచి అత్త జోగమ్మ అందుకుంటుంది.

"అదిగో, కొట్టీసింది! మొగోడు డూటీకి ఎల్తంటే దీని ముక్కు ఊరుకోదు కదా. కూకోరా, నీల్లు తాగి ఎల్దువు గాని."

ఒక తుమ్ము కీడు, వెంటనే రెండోది పడితే దోషం లేదు అని జోగమ్మ లెక్క. దేవుడు గౌరీశ్వరికి ఎప్పుడూ ఒకటే ఇచ్చేవాడు.

అందుకే ఆ పూట ఆమె చీపురు ముట్టలేదు. ముక్కుకి అడ్డంగా తువ్వాలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి వంటగది తలుపు పక్కన నిలబడింది. జయంత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, గడప మీద కుడికాలు పెట్టాడు. తుమ్ము రాలేదు.

టపటపటపమని చప్పుడు మాత్రం వచ్చింది.

గుమ్మం పక్కన చాప మీద పడుకున్న బెల్లం లేచి తల గట్టిగా విదిలించింది. బెల్లం వాళ్ల కుక్క. వంటి రంగు అదే, చెవులు మాత్రం తమలపాకుల్లా కిందికి వేలాడతాయి. పక్క క్వార్టరు వాళ్లు ఖాళీ చేసి వెళ్తూ వదిలేశారు. నాలుగేళ్ల యశస్విని అది పక్కన లేకపోతే అన్నం తినదు కాబట్టి జోగమ్మ దాన్ని ఉండనిచ్చింది.

"ఆగరా జయంతూ!" అని జోగమ్మ కేక పెట్టింది. "కుక్క సెవులు దులిపినాది. ఎనక్కొచ్చీ, కాల్లు కడుక్కో."

జయంత్ కాళ్లు కడుక్కున్నాడు, కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, మళ్లీ లేచాడు. బెల్లం మళ్లీ దులిపింది. మూడోసారి అతను గడప దాకా కూడా రాలేదు, కుర్చీలోంచి లేవగానే టపటపలాడింది.

"అయిపోనాది. ఈయేల నువ్వు కదలడానికి ఈల్లేదు."

"అమ్మా, ఇంటర్వ్యూ అమ్మా!"

"పేణం కన్నా ఇంటర్వ్యూ ఎక్కువేట్రా? కూకో!"

వంటగదిలో గౌరీశ్వరి తువ్వాలు విప్పింది. మరిదిని చూస్తే జాలేసింది. అయినా ఒక ఆగిన ప్రయాణానికి తన ముక్కు కారణం కాకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఆ జాలి కింద ఎక్కడో చల్లగా కూడా ఉంది.

మధ్యాహ్నం జయంత్ ఫోనుకి కబురొచ్చింది. కంపెనీ పెద్దాయన ఊళ్లో లేడు, ఇంటర్వ్యూ వచ్చే సోమవారానికి మార్చారు. జోగమ్మ ఆ ఫోను పట్టుకుని ఇంట్లో అందరికీ ఒక్కొక్కరికీ చూపించింది, చదవడం రాకపోయినా. ఆ పూట చేపల పులుసులో మంచి ముక్క బెల్లం గిన్నెలో పడింది. గౌరీశ్వరికి పులుసు మిగిలింది.

మర్నాడు తెల్లారకముందే పక్కింటి జగ్గయ్య స్కూటరు గేటు దగ్గర ఆగింది. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వేలంలో చేపలు చవగ్గా తేవడం రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని.

"ఏటి జోగమ్మప్పా, మీ కుక్క జాతకాలు సెప్తందట? నన్ను ఎల్లమంతదో లేదో అడుగు మరి."

నవ్వుతూనే అడిగాడు. బెల్లం చెవులు దులిపింది. నవ్వుతూనే స్కూటరు వెనక్కి తిప్పాడు. ఆ రోజు గాలికి పడవలు ఒడ్డుకి రానేలేదు, హార్బర్లో చేప తోక కూడా లేదని మధ్యాహ్నానికి తెలిసింది. అంతే, జగ్గయ్య నవ్వడం మానేశాడు. సాయంత్రానికి ఆ వీధిలో సంగతి తెలియనివాళ్లు లేరు.

తర్వాత ఎవరు ఎక్కడికి బయల్దేరినా ముందు జోగమ్మ గుమ్మం ముందు ఆగడం మొదలైంది. పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లు, బ్యాంకు అప్పుకి వెళ్లేవాళ్లు, కళ్లద్దాలు మార్చుకోవడానికి గాజువాక వెళ్లేవాళ్లు. జోగమ్మ చాప పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చునేది. బెల్లం ఎవరినీ నిరాశపరచలేదు. అందరికీ దులిపింది. అందరూ వెనక్కి వెళ్లి ఇళ్లలో కూర్చున్నారు. సాయిశంకర్ కూడా డ్యూటీ మానేసి, "నానేటి సెయ్యనే? అది వద్దంతంది కదా," అంటూ మళ్లీ ముసుగు తన్నేవాడు.

ఆ రోజుల్లో గౌరీశ్వరి గుమ్మం ఊడుస్తూ ఎన్నిసార్లు తుమ్మినా ఒక్కరూ తల తిప్పలేదు. కుక్క శకునం ముందు కోడలి తుమ్ము ఏపాటిది? అత్త ఒకసారి "గౌరీ, టీ తాగినావా?" అని కూడా అడిగింది.

కాబట్టి బెల్లం వెనక్కాలితో ఎడమ చెవిని అదేపనిగా గోక్కోవడం చూసినా ఆమె ఏమీ అనలేదు. సోఫా అంచుకి చెవి వేసి రుద్దుకుంటుంటే, ఈగలు కాబోలు అనుకుంది. అనుకోవడం ఆమెకు అవసరం కూడా.

ఒక రోజు యశస్విని తల ఒక పక్కకి వాల్చి అన్నం ముందు కూర్చుంది. గౌరీశ్వరి చేతిలో గరిటె అక్కడే పడేసింది. పిల్లని లాక్కుని, ఫోను లైటు వేసి రెండు చెవుల్లోకీ చూసి, నుదురు ముట్టుకుని, మెడ నొక్కి, "ఏటమ్మా, సెవి నొప్పా? ఎక్కడ? సెప్పమ్మా!" అని ఏడుపు గొంతుతో అడిగింది.

పిల్ల కిలకిలా నవ్వింది. "నొప్పి కాదమ్మా. బెల్లంలాగ కూకున్నాను."

గౌరీశ్వరి తిరిగి చూసింది. బెల్లం అన్నం గిన్నె ముందు సరిగ్గా అలాగే, ఎడమ పక్కకి తల వాల్చి కూర్చుని ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుని, నమలబోయి, కుయ్యిమని వదిలేసింది.

ఆమె చేతిలో ఫోను లైటు ఇంకా వెలుగుతోంది. బెల్లం చెవి ఎత్తి చూసింది. లోపల ఎర్రగా కమిలి, కాఫీ డికాక్షన్ అడుగులాంటి మడ్డి పేరుకుని ఉంది. నాలుగు రోజులు నిలవున్న దోసెల పిండిలా పులిసిన వాసన గుప్పుమంది. వేలు తగలగానే, ఎన్నడూ పళ్లు చూపించని కుక్క గుర్రుమని, వెంటనే సిగ్గుపడినట్టు ఆమె చెయ్యి నాకింది.

"అత్తా, దాని సెవి పాడైపోయింది. శకునం కాదు, ఏటీ కాదు, నొప్పికి దులుపుకుంతంది. ఆస్పత్రికి తీసుకెల్తాను."

జోగమ్మ కుర్చీలోంచి ఆమెను పైనుంచి కిందకి చూసింది. "ఈదిలో అందరూ నమ్మిందాన్ని నువ్వు నమ్మవు. నీకు కుల్లు. నొప్పయితే వెల్లుల్లి నూనె ఎచ్చజేసి పోత్తాను, ఆస్పత్రి ఎందుకు?"

పోసింది. బెల్లం ఇల్లంతా పరిగెత్తి మంచం కింద దూరింది. అప్పట్నుంచి అది చెవులు ఎంత గట్టిగా దులిపిందంటే, శకునం చాలా బలంగా ఉందని జగ్గయ్య పాలప్యాకెట్లకి వెళ్లడం కూడా మానేశాడు.

గౌరీశ్వరి మొగుణ్ని పట్టుకుంది. "మావా, సోమవారం దగ్గరకొచ్చీసింది. అది ఇలాగే దులిపితే అత్త జయంతుని కదలనివ్వదు. ఉద్యోగం పోద్ది, కుక్క సెవీ పోద్ది. బండి తియ్యి మావా."

సాయిశంకర్ కాసేపు తల గోక్కుని, లేచి, బండి తాళాలు తీసుకున్నాడు. గొలుసు పట్టుకుని గౌరీశ్వరి గడప దగ్గరకు వచ్చింది. బెల్లం తల విదిలించింది.

"సూసినావా?" అంది జోగమ్మ. "ఆస్పత్రికి ఎల్లొద్దని అదే సెప్తంది."

సాయిశంకర్ తాళాలు మేకుకి తగిలించేశాడు.

మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోయాక గౌరీశ్వరి పిల్లని చంకనేసుకుని, బెల్లాన్ని పెరటి తలుపు గుండా తీసుకుపోయింది. శకునాలన్నీ వీధి గుమ్మానికే. పెరటి తలుపు గుండా వెళ్లేవి అంట్లు, చెత్త, గౌరీశ్వరి. వాటికి శకునం చూసే అలవాటు ఆ ఇంట్లో లేదు.

పశువుల ఆస్పత్రిలో డాక్టర్ షిరీన్ చిన్నవయసామె. చెవిలోకి చూడకముందే, "తల ఇలా వాల్చడం ఎప్పట్నుంచి?" అని అడిగింది. గౌరీశ్వరి చెప్పింది. గోక్కోవడం, రుద్దుకోవడం, వాసన, మడ్డి, తిండి మానడం, ఏది ముందో ఏది వెనకో కూడా చెప్పింది.

"అన్నీ బాగానే కనిపెట్టారు. మరి ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?"

గౌరీశ్వరి గచ్చు వంక చూసింది.

"నూనె ఎవరు పోశారు?"

ఇంకా కిందికి చూసింది.

"ఇలా వేలాడే చెవుల్లోకి గాలి పోదమ్మా. మన ఊళ్లో ఈ ఉక్క ఒకటి. స్నానం చేయించాక లోపల తడి ఉండిపోతే చాలు, పట్టేస్తుంది. అదృష్టం, లోపలి పొర దాకా పోలేదు. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే చెవుడు వచ్చేది." డాక్టరు చెవి కడుగుతుంటే మందు ఘాటుకి గౌరీశ్వరి తుమ్మింది. ఒకటే. అలవాటుగా చుట్టూ చూసి బిక్కచచ్చిపోయింది. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

"ఈ తుమ్ములు మీకు ఎప్పట్నుంచి? ఎవరికైనా చూపించుకున్నారా?"

"ఎవరికండీ?" అంది గౌరీశ్వరి, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి. "నాకా?"

చుక్కల మందు సీసా పప్పుడబ్బా వెనక దాచింది. పెరట్లో అంట్ల దగ్గర, పూటపూటా, పిల్ల బెల్లం మూతి పట్టుకుంటే తను చుక్కలు వేసింది. ఆదివారానికి బెల్లం రెండు చెవులూ దించుకుని చాప మీద హాయిగా నిద్రపోతోంది. వచ్చినవాళ్లు కాసేపు నిలబడి, దాని వంక చూసి, ఏం చెయ్యాలో తెలియక ఎవరి పనులకు వాళ్లు పోయారు.

"ఏటి, పలకదేటి?" అని జోగమ్మ కంగారుపడి, రాత్రికి తనే అర్థం చెప్పుకుంది. "దారి ఇచ్చీసినాదిరా జయంతూ. రేపు నీ ఉద్యోగం ఖాయం."

సోమవారం గౌరీశ్వరి మళ్లీ చీపురు ముట్టలేదు. కానీ శుభమా అని కొడుకు బయల్దేరుతున్నాడు కదా అని జోగమ్మ స్వయంగా వరండా ఊడ్చింది. ఎన్నాళ్లుగానో చీపురు పట్టని చెయ్యి. ఊడ్చినదంతా గాల్లోకే లేచింది. జయంత్‌ని దింపడానికి జగ్గయ్య స్కూటరు స్టార్ట్ చేసి సిద్ధంగా ఉన్నాడు. బెల్లం నిద్రపోతోంది. జయంత్ గడప మీద కుడికాలు పెట్టాడు.

గౌరీశ్వరి తుమ్మింది.

జగ్గయ్య స్కూటరు ఆపేశాడు. అందరూ ఆమె వంక చూశారు.

"రెండోది!" అంది జోగమ్మ. "ఏగిరం రెండోది తుమ్మవే!"

"రాడం లేదత్తా."

"ఎప్పుడూ వత్తాది, ఇప్పుడు రాదేటి?"

"వదినా, నీ కాళ్లు మొక్కుతాను, ఇంకొక్కటి," అన్నాడు జయంత్ ఫోనులో టైము చూసుకుంటూ.

"ఒక్కటే కదే అడుగుతన్నాం గౌరీ," అన్నాడు సాయిశంకర్, ఏదో పెద్ద మనసుతో మాట్లాడుతున్నట్టు.

గౌరీశ్వరి ఎండ వంక చూసింది. కొంగు కొస మెలిపెట్టి ముక్కులో పెట్టుకుంది. యశస్విని చీపురుపుల్ల తెచ్చిచ్చింది. వీధిలో వాళ్లు ఆగి ఆమె ముక్కు వంక చూస్తున్నారు. చివరికి జగ్గయ్య జేబులోంచి ముక్కుపొడుం డబ్బీ తీసి, "పట్టమ్మా, దీనికి రాకపోతే నన్నడుగు," అన్నాడు.

వచ్చింది. ఒకదాని వెనక ఇంకొకటి, రెండు వచ్చాయి.

జోగమ్మ వేళ్లు మడిచింది. "అప్పుడొకటి, ఇప్పుడు రెండు. మూడు." మూడో వేలు పట్టుకుని ఆగింది. "మూడు ఇంకా కీడే! నాలుగోది తుమ్ము!"

నాలుగోది రాలేదు. ఎంత పొడుం పీల్చినా కళ్లమ్మట నీళ్లే వచ్చాయి. కాళ్లు కడుక్కోవడం, కూర్చోవడం, నీళ్లు, మళ్లీ కాళ్లు కడుక్కోవడం అయ్యాక జయంత్ పరవాడ చేరేసరికి అతని పేరు పిలిచేసి, ఇంకెవరినో తీసేసుకున్నారు. తిరిగొచ్చి ఇస్త్రీ చొక్కాతోనే మంచం మీద బోర్లా పడుకున్నాడు. గౌరీశ్వరి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"బెల్లానికి మందేసే టైమైందమ్మా," అంది యశస్విని అందరి ముందూ, పప్పుడబ్బా వెనక నుంచి సీసా తెచ్చి చేతిలో పెడుతూ.

జోగమ్మ సీసా వంక చూసింది. కుక్క వంక చూసింది. కోడలి వంక చూసింది.

"అదా సంగతి. నా కుక్క నోరు కట్టీసింది నువ్వా!"

"నోరు కాదత్తా, సెవి. ఊరుకుంతే సెవిటిది అయిపోయీదంట, డాక్టరమ్మ సెప్పింది..."

"కుక్కయినా ముందే సెప్పీది, ఎల్లొద్దురా అని. నువ్వు? నువ్వు అడ్డం పడ్డావు!"

"అదీ నిజమేలే," అన్నాడు జగ్గయ్య పొడుం డబ్బీ జేబులో వేసుకుంటూ. సాయిశంకర్ లేచి టీవీ పెట్టుకున్నాడు.

బెల్లం లేచి వచ్చి గౌరీశ్వరి ఒళ్లో తల పెట్టి, ఎడమ చెవి తనే పైకి తిప్పింది. ఆమె లెక్కగా చుక్కలు వేసింది.

బెల్లం చెవికి ఆ మందు ఇంకో వారం వాడాలి. గౌరీశ్వరి ముక్కుకి మాత్రం ఆ సాయంత్రమే జోగమ్మ వైద్యం ఖాయం చేసింది, ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా పెరట్లో నిలబడమని.