హోంవర్క్ పిల్లల చేతికిస్తే ఎలా?

హోంవర్క్ టైముకి రావాలంటే దాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఐదో తరగతికి భాషాపాఠాలు చెప్పీ చెప్పీ నేను తేల్చుకున్న సత్యం ఇది. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

ఇదివరకు నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. బతిమాలాను, బెదిరించాను, చాక్లెట్లు పంచాను. సాకులు మాత్రమే టైముకి వచ్చేవి. చెల్లి చింపేసింది, బ్యాగు మారిపోయింది, కరెంటు పోయింది. ఒకడైతే నేను హోంవర్క్ ఇవ్వకముందే సాకు చెప్పి పెట్టేవాడు.

ఆ కష్టాలన్నీ మా పెద్ద మేడమ్, అంటే హెడ్‌మిస్ట్రెస్ గారు, ఒక్క స్కీముతో తీర్చేశారు. గడువులోగా హోంవర్క్ ఇచ్చినవాళ్లకే జూ ట్రిప్పు, ఒక్కసారి లేటైనా బస్సెక్కేది లేదని గేటు దగ్గర బోర్డు పెట్టించారు. బోర్డు పిల్లలు చదవలేదు. తల్లిదండ్రులు చదివారు. ఇక చూడండి, మర్నాటి నుంచి నా బల్ల మీద కాగితాలే కాగితాలు!

క్వాలిటీ సంగతి చెప్పనక్కర్లేదు. 'మా ఇల్లు' గురించి రాయమంటే ఇంజనీరు గారమ్మాయి మేడ మెట్ల కొలతలతో సహా ప్లాను తెచ్చింది. 'మా కుక్క' గురించి రాయమంటే లాయరు గారబ్బాయి 'సదరు కుక్క పైన తెలిపిన ఇంట్లోనే నివసిస్తున్నది' అని రాసుకొచ్చాడు. సదరు అంటే ఏమిట్రా అని అడిగితే, మా నాన్నకు తెలుసండీ అన్నాడు. ఇంట్లో ఒకరికి తెలిస్తే చాలదా?

పోయిన వారం 'మా అమ్మ' అనే అంశం ఇచ్చాను. 'మా అమ్మ చేసే చాకిరీ ఈ ఇంట్లో ఎవరి కంటికీ ఆనదు. మా నాన్న తాగిన కప్పు కూడా తియ్యరు' అని రాశాడొక బుడతడు. 'పెళ్లికి ముందు మా అమ్మ చాలా సన్నగా ఉండేది' అని మరో అమ్మాయి, దగ్గరుండి చూసినట్టే రాసింది. పసివాళ్లలో ఇంత అవగాహన ఎప్పుడైనా చూశామా?

అందరికంటే ముందు వచ్చింది పెద్ద మేడమ్ మనవడిది. 'మా అమ్మ మంచిదే. కూరలో ఉప్పు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తగ్గించదు. పెద్దవాళ్ల మాటంటే లెక్కలేదు.' పదేళ్లవాడికి ఉప్పు మీద ఇంత పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని కాసేపు ఆలోచించాను. వాళ్లంతా ఉండేది నాయనమ్మ ఇంట్లోనే. నాయనమ్మ అంటే పెద్ద మేడమే.

ఇంత చక్కటి ఏర్పాటుకు గండి కొట్టింది ఒకే ఒక్క పిల్ల. ఏ పనైనా మెల్లగా చేస్తుంది కాబట్టి క్లాసంతా నిదానం అని పిలుస్తారు. వాళ్లమ్మ ఆస్పత్రిలో నర్సు. గడువు శుక్రవారమైతే, సోమవారం నాడు కొట్టివేతలతో నిండిన ఒక పేజీ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇంత లేటేంటమ్మా?" అన్నాను.

"అమ్మకు నైట్ డ్యూటీలు సార్. నేను లేచేసరికి ఇంకా రాదు, ఇంటికెళ్లేసరికి వెళ్లిపోతుంది. నిన్న ఆదివారం దొరికింది. అడక్కుండా రాస్తే అన్నీ ఊహించి రాయాలి కదా సార్."

తప్పులు బోలెడు. 'నీకు అన్నిటికంటే ఏదిష్టం అని అమ్మను అడిగాను. చెప్పేలోపే నిద్రపోయింది. లేచాక మళ్లీ అడిగాను. నిద్ర అంది.' చదివి చాలాసేపు ఆ పేజీ పక్కన పెట్టలేకపోయాను. కానీ స్కీము స్కీమే కదా. ట్రిప్పు జాబితాలో నిదానం పేరు కొట్టేశారు. ఏనుగులు నిలబడే నిద్రపోతాయట కదా సార్, చూసొచ్చి అమ్మకు చెప్తాను అని ఆ పిల్ల నెల నుంచీ అంటోంది.

పెద్ద మేడమ్ గదికి వెళ్లాను.

"ఆ పిల్లను కూడా పంపుదాం మేడమ్. తనంతట తను రాసింది."

"రూలంటే రూలే మాస్టారూ. ఎవరు రాశారన్నది మనకనవసరం. ఎప్పుడిచ్చారన్నదే లెక్క."

"నిజమేనండి. అందుకే వచ్చే హోంవర్క్ కూడా గడువు పెట్టే ఇస్తున్నాను. 'మా నాయనమ్మ' అని. మీ మనవడిది ఈసారి మీరు రాసుకుంటే బాగుండదు కదా, మీ కోడలుగారికి చెప్పండి."

మేడమ్ కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. జాబితా ముందుకు లాక్కుని చివర నిదానం పేరు స్వయంగా రాశారు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచారు.

"ఆ నాయనమ్మ వ్యాసం క్లాసులోనే రాయించండి మాస్టారూ. ఎవరిది వాళ్ల చేతే."

పిల్లల హోంవర్క్ పిల్లల చేతే రాయించడం! ఇంత కొత్త ఆలోచన మాకెవరికీ ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో.