మునగనంటున్న పన్నెండడుగుల స్వామి

దేవుడు నీళ్ళలో మునగకపోవడం విశాఖ జనం చేసుకున్న పుణ్యం! నమ్మరా? అయితే మా వీధి ఉత్సవ సంఘం అధ్యక్షుడు శ్రీరామ్మూర్తి గారి సంగతి వినండి.

పక్క వీధి వినాయకుడు పదకొండు అడుగులు. కాబట్టి ఈయన పన్నెండుకి ఆర్డరిచ్చారు. మట్టితో చేయిస్తే మోసేవాళ్ళ నడుములు విరుగుతాయి. అందుకే థర్మోకోల్! పైన బంగారు రంగు. నిమజ్జనం నాడు నలుగురు పట్టుకుంటే పూలబుట్టలా లేచింది. ఆ ఊపులో శ్రీరామ్మూర్తి గారు మైకులో మొక్కేసుకున్నారు, స్వామి మునిగేదాకా మెతుకు ముట్టనని.

పొద్దున్నే బీచిలో స్వామిని కెరటాల్లోకి నెట్టారు. స్వామి వెల్లకిలా పడుకుని, చల్లగా ఒడ్డుకొచ్చేశాడు. మళ్ళీ నెట్టారు. మళ్ళీ వచ్చాడు.

బళ్ళో చదివిన సాంద్రత గుర్తుందా? వస్తువు బరువును అది పట్టే చోటుతో భాగించడమే. ఘనమీటరు సముద్రపు నీరు వెయ్యి కిలోల పైమాట. అంతే చోటుకి మన స్వామి యాభై కిలోలైనా తూగడు. మునగమంటే ఎలా మునుగుతాడు?

ఎంత భాగ్యమో చూడండి! పొమ్మన్నా పోని దేవుడు ఏ యుగంలో దొరికాడు? పైగా మధ్యాహ్నం దాటేసరికి అధ్యక్షుల వారి షుగరు కూడా దిగివచ్చింది!

"బావా, రెండు ఇనపకడ్డీలు కట్టెద్దుమేటి? ఉక్కు ఊళ్ళో ఇనానికి కరువా?" అన్నాడు ఆయన బావమరిది ఎల్లాజీ.

"సామికి కడ్డీలు కడతావేట్రా? కళ్ళు పోతాయి," అన్నారాయన నీరసంగా.

"అయితే నువ్వే బతిమాలుకో. ఆయన మునిగితేనే నీకు బువ్వ."

అంతలో శ్రీరామ్మూర్తి గారి భార్య ఆశమ్మ ఇంటి పూజలోని మట్టి వినాయకుణ్ణి తెచ్చింది. అరచేతిలో పట్టేటంత. దండం పెట్టి మోకాలిలోతు నీళ్ళలో వదిలింది. బుడుంగున మునిగాడు.

"మీరు మొక్కింది ఈ సామికే కదండీ? మునిగిపోనాడు. రండి, పులిహోర తిందురుగాని."

ఆయన రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా పన్నెండడుగుల స్వామి మళ్ళీ వచ్చి కాళ్ళ దగ్గర ఆగాడు.

సాయంత్రం సంఘం కూర్చుంది. వచ్చే ఏడు పదిహేను అడుగులని తీర్మానం. అధ్యక్షుల వారు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒక్క సవరణ మాత్రం అడిగారు: మొక్కులుంటే ఎవరింటి మట్టి స్వామికి వాళ్ళు మొక్కుకోవాలి!