ఆగిన యంత్రం, ఆగని లెక్క

యంత్రాన్ని మరమ్మతుకు ఆపేసిన రోజుల్లో కూడా కణాలు నిర్విఘ్నంగా ఢీకొంటున్నాయని ప్రయోగశాల యాజమాన్యం సంతోషంతో ప్రకటించింది. లేని కణాలు దేన్ని ఢీకొంటున్నాయన్న వివరం ప్రకటనలో లేదు.

ఈ ఘనతలో సగం కొలతలమ్మది. యంత్రం ఉన్న సొరంగంలో కణాలు ఎన్నిసార్లు గుద్దుకున్నాయో మీటరు చూసి లెక్క తేల్చడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ ఇచ్చిన అంకె పట్టుకునే మిగతా శాస్త్రవేత్తలు ఫలితాలు తేలుస్తారు. అది తప్పితే అందరిదీ తప్పినట్టే.

మీటరు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఎదురెదురుగా వచ్చే రెండు కణధారలను ఓ పూట మెల్లగా పక్కకు జరిపి, మళ్ళీ దగ్గరకు తేవాలి. జరిపినప్పుడు ఢీలు తగ్గి తెర మీద గీత కిందికి దిగుతుంది. కిందటిసారి సరిగ్గా అది దిగుతుండగానే డైరెక్టరుగారు అతిథులను వెంటబెట్టుకుని వచ్చారు. ఆనాటి నుంచి గీతను దించడం క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించబడుతోంది.

ఇక మీటరుకు అడ్డేముంది? యంత్రం ఆగాక చుట్టూ ఉన్న ఇనుములో మిగిలిన రేడియోధార్మికతను కూడా ఢీల ఖాతాలో వేయడం మొదలుపెట్టింది.

"అవి ఢీలు కావండీ. పొయ్యి ఆర్పాక కూడా పెనం కాలుతూనే ఉంటుంది కదా, అలాంటిది. ఒక్క పూట ఇప్పించండి, సరిచేస్తాను," అంది కొలతలమ్మ సమావేశంలో.

డైరెక్టరుగారు గొంతు సవరించుకుని లేచారు. "అమ్మా, యంత్రం నడిస్తే కరెంటు దండగ, ఎప్పుడు చెడుతుందోనని బెంగ. ఆగితే ఆ బాధలేవీ లేవు, ఢీలు మాత్రం వస్తున్నాయి. విజ్ఞాన చరిత్రలో ఇంత పొదుపైన ప్రయోగం మరొకటి ఉందా?"

హాలు చప్పట్లతో మారుమోగింది. కొట్టినవాళ్ళలో ఆవిడ విద్యార్థులు కూడా ఉన్నారు. ఈ ఏటి ఢీల లక్ష్యం అందితేనే వాళ్ళకు పట్టాలు. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది.

అంకె కింద సంతకం చేస్తే సరే, లేదంటే కుర్చీ వేరొకరికి ఇస్తామన్నారు. రేపు చెబుతానని ఇంటికొచ్చింది.

ఇంట్లో భర్త బరువు చూసుకునే మిషనెక్కి నిలబడ్డాడు. "మూడు కిలోలు తగ్గాను, చూడు."

ఆయన్ని దింపి, వంగి చూసింది. "ఎవరూ ఎక్కకుండానే ముల్లు సున్నాకి మూడు కిలోలు వెనకుందండీ."

"తెలుసు. నేనే తిప్పాను. లేకపోతే రోజూ పొద్దున్నే మనసు పాడవుతోంది."

ఆవిడ ముల్లును సరిచేయలేదు. చెప్పులు విప్పి తనూ ఎక్కింది. నిజంగానే హాయిగా అనిపించింది.

మర్నాడు సంతకం చేసేసింది. నవ్వేవాళ్ళు నవ్వండి. ముందు మీ ఇంట్లో మిషను ముల్లు ఎక్కడుందో, పొట్ట అడ్డం రాకపోతే, ఓసారి వంగి చూసుకోండి.