ముప్ఫై ఒకటా, డెబ్బై నాలుగా?

మార్చి పన్నెండున పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడికించిన గుడ్డు తిని జ్ఞాపకశక్తి పరీక్షకు వెళ్ళాను. తేదీతో సహా తిన్నది చెప్పగలిగేవాడికి ఆ పరీక్ష ఎందుకంటారా? ఇది వేరే రకంట! ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుంటుందా, ఉండదా అని తేలుస్తుందట.

స్క్రీన్ మీద ఇరవై గళ్ళు. ఒక గడిలో గొడుగు, ఇంకో గడిలో బాతు కనిపించి మాయమవుతాయి.

"బాతు ఎక్కడుందండీ?" అంది టెక్నీషియన్ అమ్మాయి.

కాళ్ళున్న జీవి కదా, ఇంకా అక్కడే కూర్చుంటుందా? నూటికి ముప్ఫై ఒకటి వచ్చాయి. ఇంటి తాళాలు మా అమ్మాయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళిపోయాయి. నా వాకింగ్ బంద్!

రెండు వారాలకు అదే గది, అదే బాతు. డెబ్బై నాలుగు! మర్నాడు ఇంకో మెషీన్ మీద నలభై తొమ్మిది.

"ఇందులో ఏది నిజమమ్మా?"

"మూడూ నిజమేనండీ. నిద్రను బట్టి, మూడ్‌ను బట్టి మారుతుంటుంది."

ఎంత దయగల పరీక్ష! లోకంలో కొలతలన్నీ ఇలాగే ఉంటే ఎంత హాయి! బరువు మెషీన్ మీద నచ్చిన అంకె వచ్చేదాకా ఎక్కి దిగొచ్చు. దర్జీ టేపు సోమవారం మన నడుము నలభై అంటే, మంగళవారం ముప్ఫై రెండంటుంది. థర్మామీటరు మన మొహం చూసి, జాలిపడి, జ్వరం లేదనేస్తుంది. స్థిరంగా ఉండే కొలతలు ఎవరిని సుఖపెట్టాయి చెప్పండి?

చిక్కల్లా మా అమ్మాయితోనే. మూడు అంకెల్లోనూ ఏరికోరి ముప్ఫై ఒకటినే పట్టుకు కూర్చుంది.

"నాన్నా, చక్కెర డబ్బా స్టవ్ పక్కకు మార్చి ఏడు నెలలైంది. రోజూ వెళ్ళి కిటికీ పక్క అరలో వెతుకుతావు. నిన్ను ఒంటరిగా బయటికెలా పంపను?"

"మీ అమ్మ ఎక్కడ పెట్టేదే?" అన్నాను.



మా ఆవిడ పోయాక వంటిల్లు సర్దింది అది. పరీక్షకు కూర్చుంది నేను! ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిడ పెట్టిన చోటికి, లైటు వెయ్యకపోయినా నా చెయ్యి తిన్నగా వెళుతుంది. ఇంతగా గుర్తున్నందుకు ఏ మెషీనూ ఒక్క మార్కు వెయ్యదేం?

ఆ రాత్రి పడుకోబోతుంటే వంటింట్లో డబ్బాల చప్పుడైంది. లేచి చూశాను. చక్కెర కిటికీ పక్క అరలో ఉంది. పొద్దున టీ పెట్టేటప్పుడు అలవాటుగా మా అమ్మాయి స్టవ్ పక్కన వెతుక్కుంటుంది పాపం! దాన్నీ బాతు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మా అమ్మాయి తన హ్యాండ్‌బ్యాగు తెరిచి, తాళాలు వాళ్ళమ్మ తగిలించే మేకుకే తగిలించి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూసింది.