గంగాధరప్ప జీవాలకు ఒకటో వంతు

“ఈ కరువు గడ్డమీద ఇకపై పెద్దోళ్ల గొర్రె, చిన్నోళ్ల గొర్రె అనే తేడా లేదు! మేత ముందర జీవాలన్నీ సమానమే!”

సోమందేపల్లె మేత సంఘం అధ్యక్షుడు గంగాధరప్ప ఇలా ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు సంఘం గుమాస్తా ఉదయ్ కుమార్. కొట్టక చస్తాడా! ఆ కొలువు వేయించింది అధ్యక్షులవారే.

మేత గేటుకు కొత్త మిషన్ బిగించారు. గొర్రెల చెవులకు రేడియో బిళ్ళలు. మంద వస్తే మిషన్ పిలుస్తుంది, బిళ్ళలు పలుకుతాయి. పలికినవాటికే మేత. మూసిన లారీలో ఉన్నా పలుకుతాయట, దించి చూసే పనే లేదట! అధ్యక్షులవారికి మహా నచ్చిన గుణం అదే. అయితే బిళ్ళలన్నీ ఒక్కసారే అరిస్తే మిషన్‌కు ఏదీ వినబడదు. అందుకని దేని వంతు దానిది. వంతు వచ్చేదాకా నోరెత్తకూడదు.

“నా జీవాలకు ఎన్నో వంతప్పా?” అని గంగాధరప్ప మేత పంచే ముందురోజే ఉదయ్ కుమార్‌ను అడిగాడు.

“మిషనే చీటీ ఏసినట్ల ఇస్తాదన్నా. ఎవురికి ఏదొస్తే అది.”

“ఏమప్పా! పెండ్లిలో మొదటి పంక్తి నాది. జాతరలో మొదటి టెంకాయ నాది. నా గొర్రె పోయి ఆ బీద సిద్దమ్మ గొర్రె ఎనకాల నిలబడల్లనా? నావాటికన్నిటికీ ఒకటో వంతే ఎయ్యి!”

“అన్నిటికీ అదే ఏస్తే అన్నా...”

“కొలువు కావల్లనా, వద్దా?”

ఉదయ్ కుమార్ వేసేశాడు. వేశాక సిగ్గుతో చచ్చిపోయాడు. వచ్చేది ఒక్క లారీ మేత. అధ్యక్షులవారు ఎత్తుకుపోగా మిగిలేది దుమ్మే. సిద్దమ్మ గొర్రెలకు అప్పటికే డొక్కలు ఎండిపోయాయి. ఈసారీ మేత దక్కకుంటే వాటిని కసాయికి తోలాల్సిందే.

తెల్లారి అధ్యక్షులవారి లారీ, టార్పాలిన్ బిగించుకుని, అందరికంటే ముందు గేటులో ఆగింది. మిషన్ పిలిచింది. తెరమీద సున్నా!

“ఇంకోతూరి పిలువు!”

మళ్ళీ సున్నా. బిళ్ళలన్నీ ఒకటో వంతులోనే గొంతు చించుకుంటుంటే మిషన్‌కు ఏం వినబడుతుంది పాపం!

ఈలోగా ఆకలికి ఆగలేక సిద్దమ్మ మంద లారీ పక్కనుంచి గేటులోకి దూరింది. ఒక్కో బిళ్ళా తన వంతుకు బుద్ధిగా పలికింది. ఒక్కటీ తప్పిపోలేదు. జనం ఈలలు వేశారు.

గంగాధరప్పకు తిక్క రేగింది. “దొంగ మిషన్ ఇది! టార్పాలిన్ పట్టా ఇప్పండ్రా, చేత్తో లెక్కపెట్టండ్రా!” అని అరిచేశాడు.

రెండోమాట చెప్పించుకునే ఓపిక జనానికి ఎక్కడిది! టార్పాలిన్ లాగేశారు. లారీలో గొర్రె లేదు, మేక లేదు. ఒక గోనెసంచి, అందులో నిండా చెవి బిళ్ళలు.

“బిళ్ళలుండాయి సరే, చెవులు యాడప్పా?” అంది సిద్దమ్మ.

జనం పడీపడీ నవ్వారు. మేత మోపులు సిద్దమ్మ మంద ముందర పడ్డాయి. గంగాధరప్ప ఉదయ్ కుమార్‌ను పక్కకు లాక్కుపోయాడు. పరువు పోయిందని ఏడుస్తాడేమోనని గుమాస్తాకు ఒక్క క్షణం జాలి కూడా వేసింది.

“సంచి సంగతి నేను సూసుకుంటాలే” అన్నాడు గంగాధరప్ప పళ్ళు కొరుకుతూ. “ఆయమ్మ గొర్రె నాకంటే ముందు ఎట్ల పోయిందో, అది చెప్పు!”